బొంతకుట్టు – కుట్టుపనిముట్ల సంరక్షణము

మార్గశిర పుష్యమాసములలో మన కొత్తూరు ప్రాంతమున వేకువజామున చలి మిక్కుటముగా నుండును. బెంగుళూరు బాటకు ఇరుప్రక్కల మిగిలియున్న పొలములమీఁద మంచు తెరవలె పఱచుకొనును. శంషాబాదు విమానాశ్రయము 2008వ సంవత్సరము మార్చి నెలలో తెఱవఁబడినది మొదలు మన యూరిమీఁద రాత్రింబవళ్ళు విమానముల మ్రోఁత వినవచ్చుచున్నది. చుట్టును కర్మాగారములు వెలసినవి. అంగళ్ళలో రంగురంగుల మెత్తని రగ్గులు రాశులుగా పోసి యమ్ముచున్నారు. అయినను మన యిండ్లలో ఏ పాతపెట్టె మూఁత యెత్తి చూచినను, అడుగున నొక బొంత మడతపెట్టి యుండక మానదు. ఆ బొంతను కుట్టిన చేతులు మాత్రము ఇంటింటను తగ్గిపోవుచున్నవి.

"బొంత కుట్టుట ముసలివారి పని, దానికొక పాఠమేల?" అని కొందఱు బాలికలు, అంతకంటె నెక్కువగా బాలురు, నవ్వవచ్చును. కాని ఒక బొంత రెండేండ్లకే చీలికలు వాలికలై పోవుటయు, వేఱొకటి ఇరువదియేండ్లు నిలుచుటయు మనము చూచుచునే యున్నాము. ఆ భేదము అదృష్టమువలన కలిగినది కాదు. బట్టను ఎన్నుకొనుటయందును, పొరలు పఱచుటయందును, అన్నిటికంటె ముఖ్యముగా సూది, కత్తెర మొదలగు పనిముట్లను కాపాడుకొనుటయందును అది కలదు. ఆ సంగతులను క్రమముగా తెలుపుటకే యీ వ్యాసము. మొదట నా బాల్యమున జరిగిన యొక సంగతిని చెప్పి, పిదప పాఠమునకు వచ్చెదను.

నాకప్పుడు పదియేండ్లు. మా మేనత్త పురిటికై పుట్టింటికి వచ్చియుండెను. పుట్టఁబోవు బిడ్డకొఱకు మా అవ్వ తన పాతచీరలతో చిన్నబొంత నొకదానిని కుట్టుచుండెను. నాకు పని నేర్పవలెనని కడపటి వరుసలు నాచేతి కిచ్చినది. నేను కుట్టుచుండఁగా అన్నమునకు పిలుపు వచ్చెను. సూదిని బొంతలోనే గ్రుచ్చి లేచిపోతిని. తిరిగివచ్చి చూచునప్పటికి దారము ఊడియుండెను, సూది కానరాలేదు. అడిగినచో తిట్టుదురను భయముచేత మఱియొక సూది తీసికొని పని ముగించి, బొంతను మడిచి పెట్టితిని.

రాత్రి పండుకొనఁబోవు ముందు అవ్వ తన రేకుడబ్బా తెఱచి సూదులు లెక్కించెను. అయిదుండవలసినచోట నాలుగే యున్నవి. నా ముఖము చూచినంతనే ఆమెకు సంగతి తెలిసినది. కొట్టలేదు, కసరలేదు. దీపమును దగ్గఱకు లాగి, బొంతను మోకాళ్ళమీఁద పఱచుకొని, అంగుళమంగుళమును వ్రేళ్ళతో నొక్కి చూచెను. సూది దొరకలేదు. అప్పుడు కుట్లు విప్ప నారంభించెను. పదునొకండు వరుసలు విప్పిన తరువాత, రెండు పొరల నడుమ అడ్డముగా జాఱియున్న సూది బయటపడెను. అవ్వ దానిని డబ్బాలో పెట్టి, "పని చెడితే మళ్ల జేసుకోవచ్చు బిడ్డా, పిల్ల కన్నుకు గుచ్చుకుంటే మళ్ల తేగలమా?" అని మాత్ర మనెను. మఱునాఁడు ఆ పదునొకండు వరుసలను నేనే తిరిగి కుట్టితిని.

నాఁటి నుండి నేనెఱిఁగిన దేమన, కుట్టుపని లెక్కతో ఆరంభమై లెక్కతోనే ముగియవలెను. ఈ మాటను జ్ఞాపకముంచుకొని పాఠమును చదువుఁడు.

1. బొంత యన నేమి?

పాతబట్టలను పొరలు పొరలుగా పేర్చి, అన్నిటిని పట్టునట్లు కుట్టిన కప్పుడుబట్టయే బొంత. ఈ విద్య మన తెలుగువారికి మాత్రమే తెలిసినది కాదు. మహారాష్ట్రమున దీనిని గోధడి యందురు. వంగదేశమున కాంథా యనియు, బీహారమున సుజని యనియు, సింధు రాజస్థాన ప్రాంతములలో రల్లీ యనియు వాడుదురు. పూర్వము తూర్పు ఆఫ్రికానుండి వచ్చి ఉత్తర కర్ణాటకమున స్థిరపడిన సిద్దీజాతి స్త్రీలు కవంది యను బొంతలను కుట్టుదురు. వారు ఒక అంచున మొదలుపెట్టి చుట్టును తిరుగుచు నడిమికి వచ్చి ముగింతురు. నాలుగు మూలలందును బట్టను త్రికోణముగా మడిచి పువ్వువలె కుట్టుదురు. మన తెలంగాణమున తండాలలోని లంబాడీ స్త్రీలు అద్దములు, గవ్వలు పొదిగి చేయు కుట్టుపని లోకప్రసిద్ధమే. దూదిని ఏకి లోపల నింపి కుట్టు రజాయి వేఱు. అది దూదేకులవారి చేతిపని. మనము చెప్పుకొనుచున్నది దూది లేని, బట్టపొరల బొంతనుగూర్చియే.

పాతబట్టలకు వెచ్చదన మెక్కడినుండి వచ్చును? బట్ట తనంతట వేఁడిని పుట్టించదు. పొరల నడుమ చిక్కుకొన్న గాలి కదలక నిలిచియుండును. కదలని గాలి వేఁడిని త్వరగా బయటికి పోనీయదు. అందుచేతనే దళసరియైన ఒకే దుప్పటికంటె, అంతే బరువుగల పలుచని పొరలు ఆఱు కలిపినది హెచ్చు వెచ్చగా నుండును. బొంత తడిసినప్పుడు గాలి యుండవలసిన తావున నీరు చేరును గనుక చలివేయును. ఈ సూత్రము తెలిసినచో, కుట్లను బిగలాగి పొరలను అణఁచివేయరాదని యెందుకు చెప్పుదురో విద్యార్థులకే బోధపడును.

2. బట్టల నెన్నుకొనుట

మెత్తపడిన నూలుచీరలు, పంచెలు బొంతకు శ్రేష్ఠములు. నేఁటి చీరలలో పాలియెస్టరు, నైలాను కలిసినవి పెక్కులు. అవి చెమటను పీల్చవు. నిప్పు తగిలినచో కరఁగి ఒంటి కంటుకొనును. కావున వాటిని నూలుబట్టతో కలుపరాదు. సందేహము కలిగినప్పుడు ఒక పోగు లాగి, పెద్దలు దగ్గఱనుండఁగా పటకారుతో పట్టి కాల్చి చూడవలెను. నూలుపోగు కాగితమువలె మండి బూడిద యగును. పాలియెస్టరు పోగు కరఁగి, చల్లారిన పిదప గట్టిపూసవలె మిగులును.

కొత్తబట్టను కలుపవలసి వచ్చినచో ముందుగా నానఁబెట్టి, ఉదికి, ఆఱవేయవలెను. కొత్త నూలుబట్ట మొదటి యుదుకున ముడుచుకొనును. పాతది అదివఱకే ముడుచుకొని యుండును. రెండింటిని ఉదుకక కలిపి కుట్టినచో, మొదటి చాకిరేవునాఁడే బొంత యంతయు గుబ్బలు గుబ్బలుగా లేచును. ఎఱ్ఱబట్ట రంగు దిగునో లేదో తెలిసికొనుటకు, తడిసిన తెల్లగుడ్డతో ఒక మూల రుద్ది చూడవలెను.

చీరను వెలుతురున కెదురుగా పట్టుకొని చూచినచో అరిగినచోట్లు పలుచగా కనఁబడును. అట్టిచోట్లను కత్తిరించి తీసివేయవలెను, లేదా నడిమిపొరలలో పడునట్లు సర్దవలెను. గట్టిగా నున్న కొంగుభాగమును పైపొరకు, అంచులను కత్తిరించి చుట్టును గోటువేయుటకు ఉంచుకొనవలెను.

ఎంతబట్ట కావలెనో లెక్కచూతము. ఆఱుగజముల చీర పొడవు 18 అడుగులు. వెడల్పు ఇంచుమించు 4 అడుగులు. దానిని మూఁడు సమభాగములు చేసినచో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల ముక్కలు మూఁడు వచ్చును. రెండు చీరలకు ఆఱు ముక్కలు, అనఁగా ఆఱు పొరలు. ఒక్కరు కప్పుకొనుటకు ఇది చాలును. పొరలన్నియు పడుగుపోగులు ఒకే దిక్కున నుండునట్లు పఱచవలెను. ఒకటి నిలువుగను, వేఱొకటి అడ్డముగను ఉన్నచో బొంత ఒకవైపు లాగుకొనిపోవును.

3. పొరలు పఱచుట

నేలను తుడిచి, చాపవేసి, మొదటిపొరను ముడుతలు లేకుండ పఱచి, నాలుగు మూలలందును బరువులు పెట్టవలెను. ఒక్కొక్క పొరను పఱచినప్పుడెల్ల అరచేతితో నడిమినుండి అంచులవైపునకు నిమురవలెను. ఆఱు పొరలును పఱచిన తరువాత కచ్చాకుట్టు వేయవలెను. కచ్చాకుట్టు అనఁగా తరువాత తీసివేయుటకు వేయు పొడవైన కుట్టు. దీనిని కూడ నడిమినుండియే మొదలుపెట్టి, నిలువుగను అడ్డముగను జానెడు దూరమున కొక వరుసగా నడుపవలెను. సిద్దీ స్త్రీలవలె అంచునుండి లోపలికి వచ్చు పద్ధతి అందమైనదే గాని, చేయి తిరిగినవారికే అది సాధ్యము. కొత్తవారు అట్లు చేసినచో ముడుతలన్నియు నడుమ పోగగును.

కచ్చాకుట్టునకు ఒక రంగుదారమును, అసలు కుట్టునకు వేఱొక రంగుదారమును వాడినచో తీయునపుడు పొరపాటు జరుగదు. గుండుసూదులు వాడువారు ఎన్ని గ్రుచ్చితిమో పలకమీఁదనో కాగితముమీఁదనో వ్రాసికొనవలెను.

4. దారము, కుట్టు

నూలుబట్టకు నూలుదారమే యుక్తము. మిక్కిలి గట్టిదైన నైలానుదారము మెత్తపడిన పాతబట్టను కాలక్రమమున కోసివేయును. దారము మూరన్నరకు మించరాదు. పొడవుదారము పెట్టుకొన్నచో మాటిమాటికి సూది యెక్కించు శ్రమ తప్పునని తోఁచును గాని, అది చిక్కుపడును. పలుమాఱు బట్టలో దూరి దూరి నలిగి తెగిపోవును. ఉండనుండి మొదట వచ్చిన కొనను సూదిబెజ్జమున కెక్కించి, తరువాత కత్తిరించిన కొనకు ముడివేయవలెను. అట్లు చేసిన దారము పురి విడక నడచును. దారమును తేనెమైనముపై రెండుమాఱులు లాగి, గుడ్డమడతలో పెట్టి గోరువెచ్చని ఇస్త్రీపెట్టెతో ఒత్తినచో మైనము లోపలి కింకి, దారము చిక్కుపడక జాఱును.

బొంతకు సాదాకుట్టే చాలును. సూది పైకిని క్రిందికిని మునిఁగి తేలుచు తిన్నగా పోవుటయే సాదాకుట్టు. సూదిమీఁద మూఁడు నాలుగు కుట్లు ఎక్కించుకొని ఒక్కమాఱు లాగవలెను. ప్రతికుట్టును అడుగుపొరవఱకు దిగినదో లేదో ఎడమచేతి వ్రేలికొనతో క్రిందనుండి తడవి తెలిసికొనవలెను. మొదటిముడి బొంతమీఁద తేలియుండరాదు; దారమును మెల్లగా గుంజినచో ముడి పైపొరను దాఁటి లోపల దాఁగును. వరుస ముగిసినచోట రెండు ఎదురుకుట్లు వేసి, సూదిని పొరలనడుమ రెండంగుళముల దూరము నడిపి బయటికి తీసి దారమును కత్తిరించవలెను. అప్పుడు ఉదుకునపుడు ముడి విడదు.

వరుసల నడుమ రెండంగుళముల యెడ ముండవచ్చును. 4 అడుగులనఁగా 48 అంగుళములు. రెండంగుళముల కొకటి చొప్పున, రెండు అంచులును కలుపుకొని 25 వరుసలు. ఒక్కొక్క వరుస 6 అడుగులు, అనఁగా 72 అంగుళములు. అంగుళమునకు మూఁడు కుట్లు వేసినచో ఒక వరుసకు 216; ఇరువదియైదు వరుసలకు 5,400 కుట్లు. అనఁగా ఒక్క బొంతకొఱకు సూదిమొన ఆఱు పొరలలో 5,400 కుట్లు వేయవలెను. ఆ మొన మొద్దైనదో, తుప్పుపట్టినదో అయినచో కుట్టువాని వ్రేలు ఎంత నొచ్చునో, పాతబట్ట పోగులు ఎన్ని తెగునో ఊహింపుఁడు. బొంత బలము సూదిమొనయం దున్నదని చెప్పుట యిందుచేతనే.

5. సూది

సూదులు ఉక్కుతో చేయఁబడును. చేతిసూదులకు సంఖ్య పెరిగిన కొలఁది సూది సన్నబడును. కుట్టుయంత్రపు సూదులకు సంఖ్య పెరిగిన కొలఁది సూది లావగును. ఈ భేదమెఱుఁగక అంగడిలో మోసపోయితిమని విచారించువారు కలరు. మెత్తని ఆఱు పొరలకు 5 లేక 6 సంఖ్యగల చేతిసూది సరిపోవును. దబ్బనముతో గోనెలు కుట్టవలెనేగాని బొంత కుట్టరాదు. అది చేసిన రంధ్రము మూసికొనదు.

సూది మంచిదో కాదో పరీక్షించుటకు దానిని అద్దముమీఁద దొర్లించి చూడవలెను. వంగినసూది తిన్నగా దొర్లదు. మొన చెడినదేమో తెలియుటకు పట్టుగుడ్డ ముక్కలో గ్రుచ్చి తీయవలెను. పోగు లాగినచో ఆ సూదిని విడువవలెను.

సూదికి పరమశత్రువు తుప్పు. ఇనుమునకు గాలియు తేమయు కలిసి తగిలినప్పుడు తుప్పు పుట్టును. చెమటలోని ఉప్పు దానిని త్వరపెట్టును. కావున కుట్టుటకు ముందు చేతులు కడిగి, తడి లేకుండ తుడుచుకొనవలెను. పని ముగిసినపిదప సూదిని పొడిగుడ్డతో తుడిచి దాఁచవలెను. దూదిమెత్తలో గ్రుచ్చి యుంచుట వాడుకగాని, వానకాలమున దూది తేమను పీల్చి సూదిని తుప్పుపట్టించును. గొఱ్ఱెయున్నిలో సహజమైన జిడ్డు కొంత యుండును; అది సూదికి మేలు. మన కురుమలు నేయు గొంగడి ముక్క యిందుకు తగినది. అయితే కొత్త గొంగడికి చింతగింజల గంజి పెట్టుదురు గనుక, ఆ గంజి పోయిన పాతగొంగడి ముక్కనే వాడవలెను. దానిలో వరుసగా సూదులు గ్రుచ్చి, చుట్టి, మూఁత గట్టిగా పడు రేకుడబ్బాలో పెట్టవలెను. కొద్దిగా తుప్పుపట్టిన సూదిని సన్నని గరుకుకాగితముతో రుద్ది నునుపుచేయవచ్చును. గుంటలు పడిన సూది పనికిరాదు.

పాఱవేయునపుడును జాగ్రత్త వలయును. విఱిగిన సూదులను చెత్తలో వదలరాదు. పాత మందుసీసాలో వేసి బిరడా బిగించి యుంచవలెను. విఱిగిన సూది రెండు ముక్కలును దొరకువఱకు పని ఆపవలెను.

తుప్పుసూది గ్రుచ్చుకొన్న ధనుర్వాతము వచ్చునని జనులందురు. తుప్పు దానికి కారణము కాదు. మట్టిలోను, పశువుల పేడలోను ఉండు సూక్ష్మక్రిమి లోతైన గాయమున చేరి, గాలి తగులని తావున వృద్ధిపొందుటచేత ఆ వ్యాధి కలుగును. నేలమీఁద పఱచి కుట్టు బొంతసూదికి మట్టి అంటుట సహజము. గ్రుచ్చుకొన్న వెంటనే సబ్బుతోను నీటితోను కడిగి వైద్యునికి చూపవలెను. ప్రభుత్వమువారు పదియవ యేటను, పదునాఱవ యేటను ఉచితముగా వేయించు టీకాను విద్యార్థులెవరును తప్పించుకొనరాదు.

ఇఁక లెక్క. పెట్టె తెఱచునపుడు ఎన్ని సూదులున్నవో, మూయునపుడు అన్నియే యుండవలెను. మధ్యలో లేవవలసివచ్చినచో సూదిని బొంతలో గ్రుచ్చక, డబ్బాలోనో గొంగడిముక్కలోనో పెట్టవలెను. సూది పోయినచో అయస్కాంతమును బొంతకు ఇరువైపుల నెమ్మదిగా నడుపవలెను. ఉక్కుసూది దానికి లొంగును. పాడైన ధ్వనివర్ధకపు పెట్టెలో మంచి అయస్కాంతము దొరకును. మా అవ్వయొద్ద అది యున్నచో పదునొకండు వరుసలు విప్పవలసిన పని లేకుండెడిది. సూది పోయినదని పెద్దలతో చెప్పుట అవమానము కాదు. చెప్పకుండుటయే దోషము.

6. అంగుస్తానా

హైదరాబాదు దర్జీలు వ్రేలికి తొడుగుకొను లోహపుటొరను అంగుస్తానా యందురు. సూది తలను నెట్టు నడిమివ్రేలికి దీనిని తొడుగవలెను. మొదటి రెండుదినములు అడ్డముగా తోఁచును; మూఁడవనాఁడు అది లేనిదే పని జరుగదు. వ్రేలికి వదులుగాను, బిగువుగాను ఉండరాదు. సూదితల జాఱకుండ నిలుచుటకు దానిమీఁది గుంటలు లోతుగా నుండవలెను. అరిగి చిల్లిపడిన అంగుస్తానాను వాడుట లేనిదానికంటె ప్రమాదము.

7. కత్తెర

బట్టల కత్తెరతో కాగితమును కోయరాదని తల్లులు చెప్పుట పిల్లలకు చాదస్తముగా తోఁచును. కాని కాగితమును తెల్లగను నునుపుగను చేయుటకు సుద్ద, తెల్లమట్టి మొదలగు ఖనిజముల పొడి కలుపుదురు. అవి కత్తెరవాదరను సానఱాయివలె అరగఁదీయును. కావున బట్టకొక కత్తెర, కాగితమునకొక కత్తెర ఉండవలెను. బట్టల కత్తెర పిడికి ఒక ఎఱ్ఱపీలిక కట్టినచో ఇంటివారందఱకును గుర్తుండును.

గుండుసూదులమీఁదుగా కత్తిరించరాదు. కత్తెరను నేలమీఁద పడవేయరాదు; పడినచో రెండు రేకుల పొందిక చెడును. పని ముగిసినపిదప నూఁగు తుడిచి, నడిమిమేకు దగ్గఱ ఒక్కచుక్క యంత్రపునూనె వేసి, నాలుగుమాఱులు తెఱచి మూసి, మిగిలిన నూనెను తుడిచివేయవలెను. తుడువనిచో మొదటి బట్టకు మరక యగును. ఇంకొకరి చేతికిచ్చునపుడు రేకులు మూసి, పిడిని వారివైపు త్రిప్పి యీయవలెను.

మొద్దుబారిన కత్తెరను పాఱవేయ నక్కఱలేదు. సానపట్టువానికిచ్చినచో తిరిగి కొత్తదగును. మీరటు నగరపు కత్తెరలు ఇందుకు ప్రసిద్ధములు. పాతలోహముతో చేయఁబడు ఆ కత్తెరలను మాటిమాటికి సానపట్టి, బాగుచేసి, తండ్రినుండి కొడుకు వాడుకొనును. వాటికి 2013వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది.

8. కుట్టుయంత్రము

అమెరికాదేశమున ఎలియాసు హోవె 1846లోను, ఐజాకు సింగరు 1851లోను కుట్టుయంత్రములకు హక్కుపత్రములు పొందిరి. యంత్రముల నంతగా మెచ్చని గాంధీమహాత్ముఁడు సైతము 1924లో కుట్టుయంత్రమును మాత్రము తన యాక్షేపణనుండి మినహాయించెను. స్త్రీల శ్రమను తగ్గింపవలెనను ప్రేమనుండి అది పుట్టినదని ఆయన భావము. నేఁడు మన వీథులలో దర్జీలయొద్దను, అనేక గృహములలోను యంత్రములు కలవు.

యంత్రముమీఁద బొంత కుట్టువారు 16వ సంఖ్యగల సూదిని వాడవలెను. సూదిమీఁది పొడవైన గాడి దారము వచ్చు దిక్కున నుండవలెను. ఇంచుమించు ఎనిమిదిగంటల కుట్టుపని జరిగినతరువాత సూదిని మార్చుట మంచిది. పాతబట్టలనుండి నూఁగు విస్తారముగా రాలును. అది సూదిక్రింది పండ్లనడుమ చేరి, నూనెతో కలిసి ముద్దయగును. బొంత పని జరిగినపుడు ప్రతిదినమును ఆ రేకును విప్పి చిన్నకుంచెతో తుడువవలెను. నోటితో ఊదరాదు, ఊపిరిలోని తేమ ఇనుమునకు హాని.

నూనెవిషయమున మన యిండ్లలో గొప్ప పొరపాటు జరుగుచున్నది. చేతికందినదని కొబ్బరినూనె పోయుదురు. కొబ్బరినూనె 24 డిగ్రీల వేఁడికి దిగువను గడ్డకట్టును. మన ప్రాంతమున శీతకాలపు రాత్రి సీసాలోని నూనె గడ్డకట్టుట అందఱును చూచినదే. యంత్రము కీళ్ళలోను అదే జరుగును. అది క్రమముగా జిగురుగా మాఱి చక్రమును బిగపట్టును. కుట్టుయంత్రమునకని యమ్ము పలుచని తెల్లనూనెనే ఒక్కొక్క రంధ్రమున ఒకటి రెండు చుక్కలు వేయవలెను. పిదప చెడిపోయిన గుడ్డపై కొంతసేపు కుట్టి, అధికమైన నూనెను దిగనీయవలెను. పని లేనప్పుడు పాదముక్రింద ఒక గుడ్డముక్క నుంచి, యంత్రముపై ముసుఁగు వేయవలెను.

9. బొంతను కాపాడుట

తడిసిన బొంత మిక్కిలి బరువు. దానిని పిండుటచేతను, ఒకే తీఁగపై వ్రేలాడవేయుటచేతను కుట్లు తెగును. నీరు కారునట్లు ఒత్తి, నులకమంచముమీఁదనో, రెండు మూఁడు తీఁగలమీఁదనో పఱచి ఎండలో ఆరవేయవలెను. సంపూర్ణముగా ఆఱనిదానిని మడిచినచో బూజుపట్టును. ఎండిన వేపాకులను గుడ్డమూటలో కట్టి నడుమ పెట్టవచ్చును. చంటిబిడ్డల బట్టలలో కలరాయుండలు వేయరాదు. కొందఱు శిశువులకు పుట్టుకతోనుండు రక్తదోషముచేత దాని వాసన ప్రాణాపాయము కలిగింపఁగలదు. పసిపిల్లల ముఖముమీఁదికి బొంత జరుగకుండ తల్లులు చూచుకొనవలెను.

10. శ్రమకు వెల

తుదకు ఇంకొక లెక్క. పందొమ్మిదవ శతాబ్దమున మిషనరీ స్త్రీలు గోదావరీ ప్రాంతమున నేర్పిన లేసు అల్లిక నరసాపురమున వేలకొలఁది స్త్రీలకు పనియైనది. 2024లో దానికి భౌగోళిక గుర్తింపు వచ్చినది. అయితే మరియా మీస్ అను జర్మను సమాజశాస్త్రజ్ఞురాలు 1982లో నరసాపురపు లేసు స్త్రీలనుగూర్చి ప్రకటించిన గ్రంథమున ఒక విచారకరమైన సంగతి తెలిపినది. వారి యల్లిక విదేశములకు పోయి ధనము తెచ్చుచున్నను, వారు ఇంట కూర్చుండి తీరికవేళ నల్లు గృహిణులుగా నెంచఁబడిరి గాని శ్రామికులుగా లెక్కింపఁబడలేదు. కూలియు మిక్కిలి స్వల్పము.

మన బొంతకు వత్తము. నా చేతి వేగమునకు ఒక వరుసకు అరగంట పట్టును. 25 వరుసలకు పన్నెండున్నర గంటలు. ఉదుకుట, కత్తిరించుట, పఱచుట, కచ్చాకుట్టు, అంచుగోటు కలుపుకొన్నచో ఇరువది గంటలకు తక్కువ కాదు. "పాతచీరలేగదా, వెల యేమి?" అని యడుగువారికి ఈ ఇరువది గంటలను చెప్పవలెను. బొంత నమ్మినను, ఒకరికి కానుకగా నిచ్చినను, దానిలో నెంత జీవితము కుట్టఁబడినదో కుట్టినవారికి తెలిసియుండుట న్యాయము. ఇంటిలో అమ్మయు అవ్వయు చేయు పనిని లెక్కింప నేర్చిన పిల్లవాఁడు ఆ పనిని తేలికగా చూడఁడు. అందుచేత బాలురును సూది పట్టవలెనని నా మనవి.

మా అవ్వ గతించి చాలయేండ్లైనది. ఆమె రేకుడబ్బా నాయొద్ద నున్నది. నేఁటికిని పని ముగిసినపిదప దానిని తెఱచి, అయిదు సూదులను లెక్కించి, పిమ్మటనే దీపము ఆర్పుదును. విద్యార్థులారా, మీరును ఈ సెలవులలో మీ యింటి పెద్దలయొద్ద కూర్చుండి, పసిబిడ్డకు పనికివచ్చు చిన్నబొంతనైనను ఒకటి కుట్టుఁడు. సూదులను లెక్కించుట మాత్రము మఱవకుఁడు.

అభ్యాసము

1. రెండు చీరలతో 6 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పుగల బొంత కుట్టితిమి. వరుసల యెడము మూఁడంగుళములైనచో ఎన్ని వరుసలు, ఎన్ని కుట్లు పట్టును?

2. అంతే బరువుగల ఒక్క దళసరి దుప్పటికంటె ఆఱు పొరల బొంత ఎందుకు వెచ్చగా నుండును?

3. మీ యింటి సూదులపెట్టె తెఱచి, తుప్పుపట్టినవి, వంగినవి, మంచివి వేఱుచేసి, సంఖ్యలను వ్రాసి తెండు.

4. కుట్టుయంత్రమునకు కొబ్బరినూనె ఎందుకు పనికిరాదు? చలిదినమున సీసాను చూచి సమాధానము వ్రాయుఁడు.

5. మీ యింటనున్న పాతబొంతను ఎవరు, ఎప్పుడు, ఎవరి చీరలతో కుట్టిరో పెద్దల నడిగి పది పంక్తులలో వ్రాయుఁడు.